వలస తల్లుల ఒడిలో కూతుళ్లు: ధర్మమెంత? రివాజు ఎంత?

హిజ్రత్ అనగానే మనకు మక్కా నుంచి మదీనాకు సాగిన ప్రయాణం గుర్తుకొస్తుంది. ఆ ప్రయాణంలో మగవాళ్లు మాత్రమే లేరు, పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులూ ఉన్నారు. అంతకంటే ముందే, క్రీ.శ. 615 ప్రాంతంలో, కొందరు ముస్లిం స్త్రీలు భర్తలతోపాటు సముద్రం దాటి హబషా (అబిసీనియా) దేశానికి వెళ్లారు. అక్కడే పిల్లల్ని కన్నారు, పెంచారు. భాష వేరు, తిండి వేరు, చుట్టూ ఉన్నవారి మతం వేరు. అలాంటి దేశంలో ముస్లిం తల్లి తన కూతురిని ఎలా పెంచాలి? ఈ ప్రశ్న లండన్‌లోనో చికాగోలోనో నిన్నగాక మొన్న పుట్టింది కాదు. ఇస్లాం తొలి తరం నాటిది.

హజ్రత్ ఖాలిద్ బిన్ సయీద్ (రజి) దంపతులకు హబషాలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమే తర్వాత ఉమ్మె ఖాలిద్ (రజి)గా ప్రసిద్ధురాలైంది. హిజ్రీ 7వ సంవత్సరంలో ఆ కుటుంబం మదీనా చేరుకుంది. ఆ రోజుల సంగతి ఒకటి ఆమే స్వయంగా చెప్పగా సహీహ్ బుఖారీలో నమోదైంది. పసుపు రంగు చొక్కా తొడుక్కుని ఆ పాప తండ్రి వెంట దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వెళ్లింది. ఆయన చొక్కాను చూసి 'సనహ్, సనహ్' అన్నారు. అది హబషా భాషలోని మాట. బాగుంది అని దాని అర్థం. పాప చనువుగా ఆయన భుజాల మధ్య ఉన్న ప్రవక్తృత్వ ముద్రతో ఆడుకోబోతే తండ్రి గద్దించాడు. దైవప్రవక్త (స) మాత్రం ఆమెను ఏమీ అనవద్దన్నారు. ఆ బట్టలు పాతబడి చిరిగేదాకా తొడుక్కోవాలని, అంటే నిండు నూరేళ్లు బతకాలని, మూడుసార్లు దీవించారు.

మా మద్రసాలో ఈ హదీసు చదువుకునేటప్పుడు మా దృష్టి అంతా ఆ ముద్ర మీదే ఉండేది. ఇప్పుడు ఆడపిల్లల తల్లిదండ్రులు నన్ను ప్రశ్నలు అడుగుతుంటే ఆ 'సనహ్' అన్న మాట దగ్గర ఆగిపోతున్నాను. ఆయన అరబీలోనే మెచ్చుకోవచ్చు. కానీ పరాయి దేశంలో పెరిగి వచ్చిన చిన్నపిల్లను ఆ దేశపు మాటతోనే పలకరించారు. నువ్వు పెరిగిన చోటు నీకు మచ్చ కాదని ఆ ఒక్క మాటతో పాపకు తెలిసిపోయి ఉంటుంది.

మదీనా చేరిన మక్కా స్త్రీల విషయంలోనూ ఇలాంటి సంగతి ఉంది. ఖురైష్‌లో మగవాళ్ల మాటే చెల్లేదని, మదీనాకు వచ్చాక చూస్తే అన్సారుల ఇళ్లలో ఆడవాళ్ల మాటకు ఎక్కువ చలామణి ఉందని, తమ ఆడవాళ్లు కూడా వారిని చూసి ఆ అలవాటు నేర్చుకోసాగారని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పుకున్నారు. ఒకరోజు ఆయన భార్య ఆయనకు ఎదురు సమాధానం చెప్పింది. ఆయనకు మింగుడుపడలేదు. అప్పుడామె, దైవప్రవక్త (స) సతీమణులు సైతం ఆయనకు బదులు చెబుతారు కదా, మీకెందుకు కష్టమని అడిగింది. ఉమర్ (రజి) ఈ సంగతిని దైవప్రవక్త (స)కు చెప్పినప్పుడు ఆయన చిరునవ్వు నవ్వారే తప్ప, మక్కా పద్ధతే ధర్మమని, మదీనా పద్ధతిని మానుకోవాలని ఆజ్ఞాపించలేదు.

మన ఫిఖ్‌హ్ పండితులు దీన్నే సూత్రంగా చెప్పారు. ఒక ప్రాంతపు వాడుకను 'ఉర్ఫ్' అంటారు. అది ఖుర్ఆన్‌కు, సున్నత్‌కు విరుద్ధం కానంతవరకు షరీఅత్ దాన్ని అడ్డుకోదు. అయితే ఆ వాడుకను ధర్మం స్థానంలో కూర్చోబెట్టడాన్ని మాత్రం ఒప్పుకోదు. తాతముత్తాతలు నడిచిన దారిలోనే నడుస్తామని మొండికేసినవారిని, ఆ తాతలకు ఏమీ తెలియకపోయినా అదే దారా అని సూరె బఖరా 170వ ఆయత్ నిలదీస్తుంది.

మీర్‌పూర్ నుంచి బ్రాడ్‌ఫర్డ్‌కు

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో చూడాలంటే బ్రిటన్‌లోని మీర్‌పూరీ కుటుంబాలను చూడాలి. వాళ్ల గురించి ఎన్నో పరిశోధనలు జరిగాయి. మంచీ చెడూ రెండూ దాపరికం లేకుండా బయటికొచ్చాయి.

మీర్‌పూర్ పాకిస్తాన్ ఆధీనంలోని కాశ్మీర్‌లో ఉంది. 1960లలో అక్కడ జీలం నది మీద మంగ్లా డ్యామ్ కట్టారు. 1967లో అది పూర్తయ్యింది. పాత మీర్‌పూర్ పట్టణం, చుట్టుపక్కల పల్లెలు నీట మునిగాయి. లక్షమందికి పైగా నిర్వాసితులయ్యారు. శ్రీశైలం ముంపు గ్రామాల గోస విన్న మనకు ఆ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. అప్పటికే ఆ ప్రాంతపు మగవాళ్లు కొందరు ఇంగ్లండ్‌లో పనిచేస్తున్నారు. డ్యామ్ తర్వాత ఇంకా చాలామంది వెళ్లారు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లులు, బర్మింగ్‌హామ్‌లో ఇనుప ఫౌండ్రీలు వాళ్లకు పని ఇచ్చాయి. 1962లో బ్రిటన్ వలసల మీద ఆంక్షలు పెట్టింది. ఇక వచ్చిపోవడం కష్టమని తెలిశాక మగవాళ్లు భార్యాపిల్లల్ని కూడా రప్పించుకున్నారు.

ఆ తల్లుల స్థితి ఒక్కసారి ఊహించండి. పల్లెలో మేకలు, పొలం, నలుగురు ఆడవాళ్లు కలిసే బావిగట్టు. ఇక్కడ మంచు, ఒకదానికొకటి అంటుకున్న ఇటుక ఇళ్లు, రాత్రి షిఫ్టుకు వెళ్లిపోయే భర్త. మాట్లాడేది పహాడీ. ఇంగ్లీషు రాదు, చాలామందికి ఉర్దూ చదవడం కూడా రాదు. బయట వీధిలో అవహేళన చేసేవాళ్లు, రాళ్లు విసిరేవాళ్లు. సలహా చెప్పే అమ్మా, అత్తా వేల మైళ్ల దూరంలో. ఆమె దగ్గర ఉన్న ఆస్తి ఒక్కటే: ఊరి నుంచి తెచ్చుకున్న నమ్మకాలు. నమాజు, ఉపవాసం, పెద్దల గౌరవం, పరదా, బిరాదరీ కట్టుబాటు, దిష్టి, తాయెత్తు, అన్నకిచ్చిన మాట. ఇవన్నీ ఆమెకు ఒకే మూట. ఏది అల్లాహ్ ఆదేశమో, ఏది ఊరి పెద్దల ఆదేశమో విడదీసి చెప్పినవారు లేరు. అందుకే ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పిల్లలకు సలాం, బిస్మిల్లాహ్, కలిమా నేర్పింది ఆమే. మిల్లు పనిలో అలసిపోయిన తండ్రులు చేయలేని పని ఆ తల్లులు చేశారు.

చిక్కు వచ్చిందల్లా మూటలో ఉన్న రెండోరకం వస్తువులతోనే. ఇంకో చిత్రం కూడా ఉంది. తల్లి మనసులో ఊరు ఆమె బయలుదేరిన సంవత్సరం దగ్గరే ఆగిపోయింది. అక్కడ మీర్‌పూర్ మారిపోయింది. విదేశీ డబ్బుతో పెద్ద పెద్ద భవనాలు లేచాయి, విశ్వవిద్యాలయం వచ్చింది, ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఇక్కడ బ్రాడ్‌ఫర్డ్‌లో మాత్రం కూతురు తల్లి చూసిన పాతకాలపు పల్లె ప్రకారం పెరగాలి. ఊళ్లోనే లేని కట్టుబాటు పరదేశంలో బతికి ఉండటం వలస కుటుంబాల్లో తరచూ కనిపించే సంగతే.

పరువు ఎవరి భుజం మీద?

ఆ మూటలో అన్నిటికన్నా బరువైనది 'ఇజ్జత్'. లోగ్ క్యా కహేంగే, నలుగురు ఏమనుకుంటారు? ఈ ఒక్క వాక్యం మీద ఎన్నో ఇళ్లు నడుస్తాయి. కొడుకు అర్ధరాత్రి ఇంటికొస్తే కుర్రాడు అంటారు. కూతురు బడి నుంచి అరగంట ఆలస్యమైతే బిరాదరీ పరువు పోతుందంటారు. కొడుకు సిగరెట్టు తాగినా, బయటి అమ్మాయిలతో తిరిగినా తల్లి కప్పిపుచ్చుతుంది.

ఇది ధర్మం కానే కాదు. సూరె నూర్ 30వ ఆయత్‌లో చూపులు దించుకోమన్న ఆదేశం మొదట మగవారికి వచ్చింది, స్త్రీల ప్రస్తావన ఆ తర్వాతి ఆయత్‌లో వచ్చింది. శీలం ఇద్దరికీ విధి. పాపం ఇద్దరికీ పాపమే. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఒక్క బిడ్డకే కానుక ఇచ్చి సాక్ష్యానికి వస్తే దైవప్రవక్త (స) నిరాకరించి, సంతానం మధ్య న్యాయం పాటించాలని చెప్పారు. కానుక విషయంలోనే అంత పట్టింపు ఉంటే, నమ్మకం విషయంలో, స్వేచ్ఛ విషయంలో ఎంత ఉండాలి?

కూతురు ఈ రెండు నాల్కల తూకాన్ని చిన్నప్పుడే కనిపెడుతుంది. ఆమె బడిలో చదువుకుంటోంది, ప్రశ్నించడం నేర్చుకుంటోంది. తల్లి ప్రతి అడ్డంకికీ 'ఇస్లాంలో లేదు' అని ముద్ర వేస్తే, ఒకరోజు ఆ అమ్మాయి ముందు రెండే దారులు మిగులుతాయి. ఒకటి, ఇదే ఇస్లాం అయితే నాకు వద్దనుకోవడం. అది ఈమాన్‌కే ముప్పు. రెండోది, నిజంగా ఇస్లాంలో ఏముందో తానే చదివి తెలుసుకోవడం. అల్హమ్‌దులిల్లాహ్, రెండో దారి పట్టినవారు తక్కువేమీ కాదు. బ్రిటన్‌లో రెండో తరం ముస్లిం అమ్మాయిలు ఖుర్ఆన్, హదీసుల ఆధారంతోనే తల్లిదండ్రులతో వాదించి చదువు హక్కును, వరుణ్ణి నిరాకరించే హక్కును సాధించుకున్నారని సామాజిక పరిశోధకులు చాలామంది రాశారు. చదివితే కూతురు దీన్‌కు దూరమవుతుందని భయపడ్డ తల్లులు ఎందరో ఉన్నారు. ఆ చదువే వారి కూతుళ్లను దీన్ దగ్గరికి తెచ్చింది.

మౌనం అంగీకారమేనా?

అసలు పరీక్ష పెళ్లి దగ్గర వచ్చింది. ఊళ్లో ఉన్న అన్నయ్య కొడుక్కి కూతుర్ని ఇస్తానని తల్లి ఎప్పుడో మాట ఇచ్చింది. ఆ పెళ్లితో మేనల్లుడికి ఇంగ్లండ్ వీసా వస్తుంది, అన్న రుణం తీరుతుంది, వంశం కలిసి ఉంటుంది. సెలవులకని తీసుకెళ్లి అక్కడే నికాహ్ చేసి పంపిన ఉదంతాలు ఎన్నో బయటపడ్డాయి. చివరికి బ్రిటన్ ప్రభుత్వం 2005లో బలవంతపు పెళ్లిళ్ల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. 2007లో బాధితుల రక్షణకు చట్టం చేసింది. 2014లో దాన్ని నేరంగా ప్రకటించింది. 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో 18 ఏళ్లలోపు వారికి పెళ్లి చేయడమే కుదరదు.

దగ్గరి బంధువుల మధ్య పెళ్లి హరామ్ కాదు. మన తెలుగునాట కూడా మేనరికాలు మామూలే. హరామ్ అయినది బలవంతం. హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి)కి తండ్రి ఆమెకు ఇష్టంలేని నికాహ్ చేస్తే దైవప్రవక్త (స) దాన్ని రద్దు చేశారు. ఇది బుఖారీలో ఉంది. సుననె నసాయీలోని ఉల్లేఖనం మన చర్చకు ఇంకా దగ్గరగా ఉంది. ఒక యువతి హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరికి వచ్చి, తన తండ్రి తన హోదా పెంచుకోవడానికి తనను అన్న కొడుక్కి ఇచ్చి పెళ్లి చేశాడని, అది తనకు ఇష్టం లేదని చెప్పుకుంది. దైవప్రవక్త (స) తండ్రిని పిలిపించారు, నిర్ణయాన్ని ఆమె చేతికే ఇచ్చారు. అప్పుడామె తండ్రి చేసిన పెళ్లిని అంగీకరిస్తున్నానని, ఈ విషయంలో స్త్రీలకు అధికారం ఉందో లేదో తెలుసుకోవాలనే అడిగానని చెప్పింది. తండ్రిని అవమానించలేదు, హక్కునూ వదులుకోలేదు. మన కూతుళ్లకు ఈ హదీసును ఎందరు తల్లులు వినిపించారు?

'అమ్మాయి ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే' అనేవారు ఉన్నారు. కన్యకు సిగ్గు అడ్డొస్తుంది కాబట్టి ఆమె మౌనాన్ని అంగీకారంగా తీసుకోవచ్చని హదీసులో ఉన్న మాట నిజమే. కానీ మొదట ఆమెను అడగాలన్న ఆజ్ఞ కూడా అదే హదీసులో ఉంది. అడగకుండానే మౌనం ఎక్కడిది? భయంతో నోరు మూసుకోవడం, సిగ్గుతో తల వంచుకోవడం రెండూ ఒకటి కావు. పిల్ల పైకి వినబడేలా ఏడిస్తే దాన్ని అంగీకారంగా తీసుకోకూడదని హనఫీ ఫుఖహా ఎంత సూక్ష్మంగా చర్చించారో చూడండి. యుక్తవయసు వచ్చిన, బుద్ధి స్థిమితంగా ఉన్న స్త్రీని బలవంతంగా పెళ్లికి ఒప్పించే అధికారం హనఫీ మజ్‌హబ్‌లో తండ్రికి కూడా లేదు. మరి మేనమామకు ఇచ్చిన మాట ఏ లెక్కలోకి వస్తుంది? 2005లో సౌదీ అరేబియా గ్రాండ్ ముఫ్తీ సైతం స్త్రీని బలవంతంగా పెళ్లికి ఒప్పించడం ఇస్లాంకు విరుద్ధమని బహిరంగంగా ప్రకటించారు.

తల్లి చెప్పని పాఠం

ఇంకో విషయం ఉంది. దాన్ని పత్రికలో రాయడానికి కూడా కొందరు జంకుతారు. కూతురు పెద్దమనిషి అయ్యే వయసులో ఆమెకు శుద్ధి (తహారత్) నియమాలు ఎవరు చెప్పాలి? మీర్‌పూరీ తల్లే కాదు, మన తల్లులు కూడా చాలామంది ఈ మాట ఎత్తరు. పల్లెలో ఆ పని వదినో, పిన్నో చేసేది. పరదేశంలో వాళ్లు లేరు. పిల్ల బడిలో టీచరు ద్వారా శరీరం గురించి తెలుసుకుంటుంది. నమాజు ఎప్పుడు మానాలి, ఉపవాసాలు ఎప్పుడు తిరిగి ఉండాలి, గుస్ల్ ఎలా చేయాలి అన్నవి మాత్రం ఎవరూ చెప్పరు. సిగ్గు పేరుతో ఒక విధి గాలికిపోతుంది.

అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ఇందుకే మెచ్చుకున్నారు. దీన్ తెలుసుకోవడానికి సిగ్గు వాళ్లకు అడ్డుకాలేదని ఆమె అన్నారు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) ఎంతో సున్నితమైన ప్రశ్నను, సత్యం విషయంలో అల్లాహ్ సంకోచించడని ముందుగా చెప్పి మరీ, దైవప్రవక్త (స)నే అడిగారు. ఆయన జవాబిచ్చారు. హయా ఈమాన్‌లో భాగమే. అజ్ఞానం మాత్రం హయా కాదు.

ఇక్కడ ఇంగ్లండ్‌లోనే ఉన్న ఇంకో నగరాన్ని చెప్పాలి. బ్లాక్‌బర్న్‌లో గుజరాత్ నుంచి వెళ్లిన ముస్లింలు ఎక్కువ. ఆడపిల్లల్ని కలిపి చదివించడానికి ఇష్టపడని తల్లిదండ్రులు అక్కడ చదువు మాన్పించి ఊరుకోలేదు. 1984లో తౌహీదుల్ ఇస్లాం బాలికల ఉన్నత పాఠశాల పెట్టుకున్నారు. 2006లో దానికి ప్రభుత్వ నిధులు వచ్చాయి. తర్వాత అది పరీక్షా ఫలితాల్లో మొత్తం ఇంగ్లండ్‌లోనే అగ్రశ్రేణి పాఠశాలల సరసన నిలిచింది. తల్లుల పరదా నమ్మకం అదే, దానికి వెతికిన దారి వేరు.

మన ఇళ్ల సంగతి

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోవద్దు. హైదరాబాద్ నుంచి చికాగో వెళ్లి డెవాన్ అవెన్యూ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. అక్కడ పుట్టిన అమ్మాయి పెళ్లికి మంఝా, సాంచఖ్, చౌథీ ఏదీ తగ్గకూడదని పట్టుబట్టే తల్లులు ఉన్నారు. సరదాకు చేసుకుంటే, వృథా ఖర్చు లేకుంటే సరే. కానీ 'జోడే కీ రఖం' పేరుతో వరుడికిచ్చే కట్నాన్ని కూడా మన సంప్రదాయమని మోసుకెళ్లేవారున్నారు. షరీఅత్ వరుణ్ణి మహర్ ఇమ్మంది. ఈ రివాజు దాన్ని తలకిందులు చేసింది. దీన్ని మాత్రం విమానం ఎక్కేముందే ఇక్కడ పారేసి వెళ్లడం మంచిది.

దీనికి తిరగబడ్డ రకం కూడా ఉంది. సౌదీలో 2017 జూలై నుంచి వలస కార్మికుల కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టారు. ఏటా పెంచుతూ 2020 నాటికి 400 చేశారు. ఆ భారం మోయలేక ఎన్నో కుటుంబాలు భార్యాపిల్లల్ని ఇంటికి పంపేశాయి. అలా తిరిగొచ్చిన తల్లి ఒకరు ఆ మధ్య నన్ను అడిగారు: "మౌలానా సాబ్, మా అత్తగారు చీర కట్టుకుంటారు. చీర మన దీన్‌లో లేదు కదా, నా కూతురికి ఆమె నేర్పుతుంటే ఎలా?" నేను చెప్పాను: షరీఅత్ సతర్ కప్పుకోమంది, బట్ట కుట్టు ఇలాగే ఉండాలనలేదు. నిండుగా కప్పుకునేలా కట్టిన చీర నాయనమ్మది, అబాయా రియాద్‌ది. రెండూ బట్టలే. పుట్టింటి రివాజును ధర్మమనుకోవడం ఎంత పొరపాటో, పనిచేసి వచ్చిన దేశపు రివాజును ధర్మమనుకోవడమూ అంతే. ఈ రెండోది అరబ్బు దేశం పేరుతో వస్తుంది కాబట్టి త్వరగా నమ్ముతాం.

కడప, రాయచోటి ప్రాంతాల్లో ఇంకో దృశ్యం. అక్కడ తల్లే ఇంటిపనికి కువైట్ వెళ్తుంది, కూతురు అమ్మమ్మ దగ్గర ఉండిపోతుంది. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. అంటే చాలామంది తల్లులు వెళ్లేసరికి కూతురు సరిగ్గా పదేళ్ల చుట్టుపక్కల, తల్లి అవసరం ఎక్కువయ్యే వయసులో ఉంటుంది. ఆ తల్లి దూరం నుంచి తన భయాలన్నీ ఫోన్లో పంపుతుంది: బయటికి పోనివ్వకు, బడి మాన్పించు, త్వరగా సంబంధం చూడు. ఆమె పంపే డబ్బుతోనే చదవగలిగే పిల్ల, ఆమె భయంతోనే చదువు మానేస్తుంది.

కువైట్‌లో 2015 చట్టం ప్రకారం ఇంటిపనివారికి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. యజమాని ఆ సెలవు ఇచ్చే ఇళ్లలో ఉన్న తల్లులకు నాదొక విన్నపం. ఆ రోజు అమ్మతో డబ్బు సంగతి మాట్లాడాక, ఫోన్ కూతురి చేతికి ఇప్పించి పావుగంట ఆమెతో విడిగా మాట్లాడండి. నమాజు చేశావా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. బడిలో ఏం జరిగింది, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా, ఒంట్లో ఎలా ఉంది, ఏ విషయం ఎవరినీ అడగలేకపోతున్నావు అని అడగండి. జవాబు తెలియకపోతే మీ ఊరి ఆలిమాను అడిగి వచ్చేవారం చెప్పండి. సంబంధం వస్తే ఆ మాట అమ్మమ్మ నోటి ద్వారా కాకుండా మీరే కూతురిని అడగండి. ఆమె జవాబు చెప్పేదాకా ఫోన్ పెట్టేయకండి.